పనసపొట్టు కూర మీద నా క్లినికల్ ట్రయల్

ఇప్పుడు చెప్పబోయేది నా పరువు పోయిన కథ. పోవడమంటే మామూలుగా పోవడం కాదు. పట్టపగలు, ఇరవైమంది భోంచేస్తుండగా, లాప్‌టాప్ కెమెరా ఎదుట నిలబడి, నా నోటితో నేనే పోగొట్టుకున్నాను. అది జరిగి నాలుగేళ్ళయినా మా అత్తయ్య గారింటి వసారాలో ఆ స్తంభం పక్కకి నేను వెళ్ళను. మీరు నవ్వుకోండి, నాకేమీ అభ్యంతరం లేదు. మా బంధువులంతా నవ్వగా నవ్వగా మిగిలినదాన్నే మీ ముందు పెడుతున్నాను.

ముందు నా ఉద్యోగం గురించి చెప్పాలి. లేకపోతే నా తప్పు ఎంత లావుదో మీకు అందదు. నేను మందుల కంపెనీలో స్టాటిస్టీషియన్ని. కంపెనీ హైదరాబాదులో, నేను కోనసీమ కొత్తపేటలో, మా మేడ మీద గదిలో. ఈ మాట చెప్పగానే మా వీధిలో "అయితే అమ్మా, బీపీ మాత్రలు నువ్వే తెచ్చిపెడుదూ" అంటారు. అది కాదండి. కొత్త మందు తయారైతే దాన్ని కొందరు రోగులకి ఇస్తారు, ఇంకొందరికి పాత మందు ఇస్తారు. ఎవరికి ఏది వెళ్ళిందో రోగికీ తెలియదు, ఇచ్చే డాక్టరుకీ తెలియదు. అంతా అయ్యాక ఆ గుట్టు విప్పి, రెండు మందులకీ నిజంగా తేడా ఉందా, లేక కాకతాళీయమా అని తేల్చేది మేము. ఈ పనిలో మహాపాపం ఒకటుంది, మధ్యలో తొంగిచూడటం. సగం ఫలితాలు చూసి, మనకి నచ్చినట్టు కనబడగానే "చాలు, గెలిచాం, ఆపెయ్యండి" అనకూడదు. అంటే లేని తేడాని ఉందని నమ్మేస్తాం. అందుకని మా పనిలో సగం, తొందరపడే పెద్దపెద్ద డాక్టర్లని "ఆగండి సార్, ఇంకొంచెం ఆగండి" అని పట్టి ఉంచడమే.

ఆగమని చెప్పే ఈ నేను ఎలాంటి మనిషినో వినండి. కుక్కరు మూడు కూతలు కూసేలోపు వంటింట్లోకి ఆరుసార్లు వెళ్ళొస్తాను. ఇడ్లీ పాత్ర మూత తీసి చూస్తాను, పెడతాను, మళ్ళీ తీస్తాను. రేవులో ఏరు దాటించే పంటు కోసం నిలబడాల్సివస్తే గట్టు మీద ఇటూ అటూ తిరిగే దూరానికి అవతలి ఒడ్డుకి నడిచే వెళ్ళిపోవచ్చు. ఒక చోట కుదురుగా కూర్చోమంటే నా కాళ్ళు నా మాట వినవు. మా అమ్మ నన్ను కన్నప్పుడు కూడా నేను తొమ్మిదో నెల నిండనివ్వలేదట.

సరే, అసలు సంగతికి వస్తాను. ఆ రోజుల్లో మా విభాగంలో లీడ్ పోస్టు ఖాళీ అయింది. నాకది కావాలి. ఊరికే కావాలని కాదు, అన్నం సహించనంతగా కావాలి. ఎందుకంటే ఏడేళ్ళుగా లెక్కంతా నేను చేసేదాన్ని, మీటింగులో దాన్ని ఇంకెవరో చెప్పి శభాష్ అనిపించుకునేవారు. నేను తెర మీద ఓ మూల చిన్న గడిలో, మైకు ఆపేసుకుని, తలాడిస్తూ కూర్చునేదాన్ని. ఒకసారి నా లెక్కనే ఒకాయన తప్పుగా చెప్తుంటే కూడా నాకు నోరు పెగల్లేదు. ఆ రోజు మేడ మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. ఇంకోసారి అలా ఏడవకూడదని గట్టిగా అనుకున్నాను.

మా విభాగానికి పెద్ద మూర్తి గారు. లీడ్ పోస్టుకి పోటీపడుతున్న నలుగురికీ ఆయనే ఆరు వారాల శిక్షణ పెట్టారు. "లెక్కలు మీ అందరికీ వచ్చమ్మా. లెక్క చెప్పే మాటని నలుగురిచేత ఒప్పించడం వచ్చా? డాక్టర్లు మీ కింద పనిచెయ్యరు. ఎవరూ మీ మాట వినాలని రూలు లేదు. అయినా వినిపించాలి, అదే నాయకత్వం" అనేవారు. దానికి మూడు సూత్రాలు చెప్పారు. నోరు విప్పి ధైర్యంగా మాట్లాడాలి. మామూలు మనిషికి అర్థమయ్యేలా మాట్లాడాలి. ఈ రెండింటికంటే ముందు ఎదుటివాళ్ళు చెప్పేది వినాలి. మూడూ రాసుకున్నాను. మూడోదాని కింద రెండు గీతలు కూడా గీశాను, నోటుబుక్కు ఇప్పటికీ ఉంది.

చివరి వారానికి ఆయన ఇచ్చిన హోంవర్కు ఇది. ఆఫీసు బయట, మన మాట వినాల్సిన అవసరం ఎవరికీ లేని చోట, ఒక వివాదాన్ని మనం ముందుండి తేల్చాలి. ఆ తర్వాత వీడియోలో ఎంపిక చేసే ప్యానెల్‌కి చెప్పాలి. అక్కడివాళ్ళని ఒకరిద్దర్ని వాళ్ళతో మాట్లాడించాలి. దాన్ని బట్టే పోస్టు.

అదృష్టం చూడండి, సరిగ్గా అప్పుడే ఐనవిల్లి దగ్గర మా మేనత్త గారింట్లో ఒక వివాదం తయారుగా ఉంది. మా మరదలి పెళ్ళికి వంట ఎవరిది అని. మావయ్య గారు ఆలమూరు సత్తిబాబు గారే రావాలంటారు. ఆయన అన్నగారు, అంటే మా పెద్దమావయ్య గారేమో అల్లవరం వెంకటరత్నం గారు కాకుండా ఇంకెవరు గరిట పట్టినా పెళ్ళిలో మంచినీళ్ళు కూడా ముట్టనంటారు. అన్నదమ్ములిద్దరూ మాటలు మానేసి, ఒకే అరుగు మీద చెరో చివర కూర్చుని, ఒకే పేపరుని చెరిసగం చించుకుని చదువుతున్నారు. మా అత్తయ్య మాత్రం ఏమీ అనడం లేదు. ఆవిడ తీరే అంత, మాట తక్కువ. నేను దాన్ని పాపం, ఎటూ తేల్చుకోలేకపోవడం అనుకున్నాను. స్కూటీ వేసుకుని బయల్దేరాను.

"అత్తయ్యా, ఈ గొడవ నేను తీరుస్తాను."

అత్తయ్య బియ్యం చెరుగుతోంది. "ఎలాగమ్మా?"

"ట్రయల్ పెడదాం. ఇద్దరిచేతా పనసపొట్టు కూర వండిద్దాం. ఏది ఎవరు వండేరో తినేవాళ్ళకి తెలీదు, వడ్డించేవాళ్ళకీ తెలీదు, నాక్కూడా తెలీదు. నలభైమంది తిని చెప్తారు. ఏది నెగ్గితే ఆయనదే పెళ్ళి వంట. ఇంక మావయ్యలు కిక్కురుమనడానికి వీల్లేదు."

అత్తయ్య చేట పక్కన పెట్టింది. "మరి ఓడినాయన మాటేంటి?"

"ఓడినాయన ఓడిపోతాడు. ఇది సైన్సత్తయ్యా."

"ఆయ్" అంది అత్తయ్య, కాసేపు నా వంక చూసి. "ఇది నీ ఉద్యోగానికి పనికొస్తుందంటావా?"

"నా ఉద్యోగమంతా దీని మీదే ఉంది."

"అయితే చేసుకో తల్లీ. పిల్లలు సరదా పడుతుంటే కాదంటామా?"

సరదా! నాకు ఒళ్ళు మండింది. పన్నెండు పేజీల ప్రణాళిక రాసి, దానికి మూడు అనుబంధాలు పెట్టబోతున్న మనిషితో అనే మాటేనా అది? మావయ్యలిద్దరూ మాత్రం వెంటనే ఒప్పుకున్నారు. గెలుపు తమవాడిదేనని ఎవరికి వాళ్ళకి నమ్మకం. నేను నోటుబుక్కులో "ఒప్పించుట పూర్తి" అని రాసుకున్నాను.

ఇక వంటవాళ్ళకి ఫోన్లు. ముందు ఆలమూరికి.

"సత్తిబాబు గారూ, పొట్టు మీరే కొట్టుకోవాలండి, ఆవ మీరే నూరుకోవాలండి. అవతలాయనతో మాట్లాడకూడదు. ఆయన కూర రుచి చూడకూడదు."

"ఆయ్, అలాగేనండి అమ్మాయిగారూ. కానండి, ఒక్కమాట. ఆ వెంకటరత్నం గారు మాకు..."

"రూల్సన్నీ రాసి వాట్సాప్‌లో పంపేనండి. నాలుగో పేజీ చూడండి."

"చూసేనండి. ఈ మాట అందులో లేదండి. ఆయన మాకు..."

"సత్తిబాబు గారూ, నాకు వేరే కాల్ వస్తోందండి, ఉంటాను."

ఏ కాలూ రావడం లేదండి. ఆయన నెమ్మదిగా మాట్లాడుతుంటే నాకు గదిలో నిలబడబుద్ధి కాలేదు, అంతే. తర్వాత అల్లవరం.

"తల్లీ, పోటీ అంటే మాకు కొంచెం ఇబ్బందండి" అన్నారు వెంకటరత్నం గారు.

"భయపడకండి, ఎవరి కూరేదో ఎవరికీ తెలీదు."

"భయం కాదండి. సంగతేంటంటే..."

"భయం లేదు కదా, మరింకేమండి! పదింటికల్లా వచ్చెయ్యండి."

వినాలి అన్న మాట కింద రెండు గీతలు గీసుకున్న అమ్మాయినే నేను.

ఇద్దరికీ కుదిరే రోజు ఒక్కటే ఉందని అత్తయ్య కబురు చేసింది. అదే రోజు మధ్యాహ్నం మూడింటికి నా ప్యానెల్. ఫరవాలేదనుకున్నాను. పన్నెండుకి మొదలుపెడితే ఇరవైమంది చొప్పున రెండు పంక్తులు, రెండున్నరకల్లా అయిపోవూ? కోనసీమలో పుట్టి పెరిగిన మనిషి అనుకోవలసిన మాటేనండీ ఇది? మా వైపు ఒక పంక్తి లేవాలంటే "ఇంకొంచెం వేసుకోండి", "అయ్యో చాలండి", "మీరేమీ తినలేదండి" అనే మూడు మాటలూ ప్రతి ఆకు దగ్గరా నాలుగేసిసార్లు జరగాలి. ఆ లెక్క నా పన్నెండు పేజీల్లో ఎక్కడా లేదు.

ఆ రోజు పొద్దున్న పెరట్లో రెండు పొయ్యిలు పెట్టించాను. మధ్యలో టార్పాలిన్ పరదా కట్టించాను. గుండిగలకి కట్టడానికి ఎర్ర రిబ్బనూ, ఆకుపచ్చ రిబ్బనూ అత్తయ్యకిచ్చి, ఏ రిబ్బను ఎవరిదో ఒక కాగితం మీద రాసి, కవరులో పెట్టి అంటించి, దేవుడి గూట్లో పెట్టమన్నాను. ఎలా వండుతున్నారో చూద్దామని పెరటి వైపు ఒక్క అడుగు వేశాను.

"నువ్విటు రాకూడదు కదమ్మా, నీ రూలే కదా" అంటూ అత్తయ్య తలుపు మూసి గడియ వేసేసింది.

అక్కణ్ణించి రెండున్నర గంటలు నేను పడ్డ అవస్థ ఏం చెప్పను! వసారాలో ఆ చివరికీ ఈ చివరికీ తిరిగాను. ఆకులు లెక్కపెట్టాను, మళ్ళీ లెక్కపెట్టాను. లాప్‌టాప్ ముక్కాలిపీట మీద పెట్టాను, అక్కణ్ణించి తీసి స్తంభం పక్కన బల్ల మీద పెట్టాను, నెట్‌వర్క్ గీతలు మూడా నాలుగా అని చూశాను. పెరట్లోంచి ఆవ ఘాటు వస్తోంది, నవ్వులు కూడా వస్తున్నాయి. పోటీలో ఉన్నవాళ్ళు నవ్వుకోవడం ఏమిటని నాకు తోచాలి కదా? తోచలేదు.

పన్నెండున్నరకి కానీ మొదటి పంక్తి కూర్చోలేదు. ఎర్ర రిబ్బను గుండిగలోంచి వడ్డించే ఆయన చేతికి ఎర్ర రిబ్బను, రెండోదానికి ఆకుపచ్చ రిబ్బను. ఎవరికి ముందు ఏది వడ్డించాలో కంప్యూటరు వేసిన జాబితా నా చేతిలో. తిన్నవాళ్ళందరికీ కాగితం ఇచ్చి, రెండు కూరలకీ పదికి ఎన్ని మార్కులో వెయ్యమన్నాను. కాగితాలు తిరిగొచ్చాయి. ఒక్కటి తప్ప అన్నింట్లోనూ ఎర్రదానికి పది, ఆకుపచ్చదానికి పది.

పంక్తి మొదట్లో కూర్చున్నాయన ఆ ఊళ్ళో పనిచేసి రిటైరైన హెడ్మాస్టారు. ఆయన దగ్గరికి వెళ్ళాను.

"మాస్టారూ, రెండింటికీ పదేసేరండి."

"అవునమ్మా, రెండూ అమోఘం."

"ఏదో ఒకటి కాస్త తక్కువనిపించదాండి?"

"పెళ్ళివారింట్లో ఆకు ముందు కూర్చుని, వడ్డించినదాన్ని తక్కువందునా? మా అమ్మ నన్నలా పెంచలేదమ్మా."

ఆయన పక్కనావిడ నా కొంగు పట్టుకుని లాగింది. "నేను పన్నెండేసేను, ఫరవాలేదా అమ్మాయ్?"

"పదికి పన్నెండు ఎలా వేస్తారండి?"

"వండినోళ్ళు సంతోషిస్తారు కదా అని."

చూశారా? మందుల ట్రయల్లో ఒళ్ళు నొప్పులున్నాయా అని అడిగితే రోగి ఉన్నాయనే చెప్తాడు. గోదావరి మనిషిని విస్తరి ముందు కూర్చోబెట్టి, కూరలో లోపం చెప్పమనడమంత తెలివితక్కువ పని ఇంకోటి లేదు. నేనేమైనా పరాయి దేశంలో పుట్టానా ఆ సంగతి తెలియకపోవడానికి? అప్పటికి ఒకటిన్నర అయింది. నాకు చెమటలు పడుతున్నాయి. అప్పటికప్పుడు పద్ధతి మార్చేశాను. ఇలా ఆట మధ్యలో రూలు మార్చడం మా వృత్తిలో ఇంకో పాపం, లెక్కేసుకోండి. రెండు ఇత్తడి చెంబులకి రెండు రిబ్బన్లు కట్టి పెరటి దారిలో పెట్టాను. ఒక్కొక్కరికీ ఒక్కో వక్క ఇచ్చి, చేతులు కడుక్కుని వస్తూ నచ్చిన కూర చెంబులో వెయ్యమన్నాను.

అందరికంటే ముందు హెడ్మాస్టారు లేచారు. చెంబుల ముందు నిలబడి, గొంతు సవరించుకుని, "నేను ఎర్రదాంట్లో వేస్తున్నానర్రా" అని బడి గంట కొట్టినట్టు చెప్పి మరీ వేశారు. వెనక వరసలో సగంమంది ఆయన దగ్గర బెత్తం దెబ్బలు తిన్నవాళ్ళే.

"మాస్టారు ఎర్రదన్నేరు కదా?"

"ఆయ్, ఎర్రదేనండి."

"అయితే ఎర్రదే."

ఇదంతా నా చెవులతో నేను విన్నాను. పదిమంది ఒకరి వెనక ఒకరు ఒకే మాట అంటే అది పది అభిప్రాయాలు కాదు, ఒక్క అభిప్రాయమని కంపెనీలో కుర్రవాళ్ళకి పాఠం చెప్పే మనిషిని నేనే. కానీ గోడ గడియారం రెండుంబావు చూపిస్తోంది. రెండో పంక్తి అప్పుడే ఆకుల ముందు కూర్చుంటోంది. ఇంకో గంట పడుతుంది. నాకు అరికాళ్ళలో ముళ్ళు గుచ్చుకుంటున్నట్టుంది. ఒక్కసారి చెంబులోకి చూస్తే ఏమవుతుందిలే అనుకున్నాను. చూశాను.

ఎర్రదాంట్లో పదిహేను వక్కలు. ఆకుపచ్చదాంట్లో ఐదు.

మా పనిలో ఒక గీత ఉంటుంది. కేవలం అదృష్టం వల్ల ఇలా జరిగే అవకాశం నూటికి ఐదుకంటే తక్కువైతే "తేడా ఉంది" అని చెప్పవచ్చు. ఇరవైలో పదిహేను ఆ గీతకి వెంట్రుకవాసి ఇవతల పడుతుంది. నా మనసులో లెక్క గిర్రున తిరిగి తేలింది. ఆ తర్వాత నన్ను పట్టడం ఎవరి తరం? దేవుడి గూడు దగ్గరికి పరిగెత్తి, కవరు చింపి, కాగితం చదివి, వసారా మధ్యకి వచ్చి నిలబడ్డాను.

"ఫలితం తేలిపోయిందండి! ఎర్ర రిబ్బను నెగ్గింది. వెంకటరత్నం గారిది!"

పెద్దమావయ్య గారు కండువా గాలిలోకి ఎగరేసేరు. మావయ్య గారు తన సగం పేపరు మడిచి చంకలో పెట్టుకుని, ఎవరి మొహమూ చూడకుండా పెరట్లోకి వెళ్ళిపోయేరు. రెండో పంక్తిలోంచి ఒకాయన అన్నం కలుపుతూ ఆగి, "అమ్మా, మేమింకా నోట్లో పెట్టుకోలేదండి" అన్నాడు.

"మీరు తినండి బాబాయి గారూ. మీ ఓటు అక్కర్లేదు."

ఆకు ముందు కూర్చున్న ఇరవైమంది అతిథులతో నేను అన్న మాట అది. అత్తయ్య పప్పు గరిటతో వచ్చి నా పక్కన నిలబడింది.

"అమ్మాయ్, వాళ్ళనీ తిననీ. కాసేపు ఆగు."

"ఆగడానికి నాకు టైము లేదత్తయ్యా!"

చెప్పాల్సిందంతా రాసుకునేసరికి మూడు కొట్టింది. స్తంభం పక్కన లాప్‌టాప్ ముందు నిలబడ్డాను. తెర మీద మూర్తి గారు, ఆయన పక్క గడిలో పుణె నుంచి ఒక పెద్ద డాక్టరు. ఆయనకి తెలుగు రాదు. నెల కిందట ఇదే డాక్టరు గారు తన ట్రయల్ ఫలితం ఎలా ఉందో కొంచెం చెప్పమని బతిమాలితే, మధ్యలో చూడకూడదని అరగంట క్లాసు పీకింది నేనే. సరే, ధైర్యంగా మాట్లాడాలి కదా. ఇంగ్లీషులోనే వివాదం చెప్పాను, ట్రయల్ చెప్పాను, వక్కలు చెప్పాను. "తేడా స్పష్టం. సందేహానికి తావే లేదు" అని ముగించాను. ఏడేళ్ళలో నా గొంతు నాకే అంత బాగా ఎప్పుడూ వినిపించలేదు. లీడ్ కుర్చీలో సగం కూర్చున్నట్టే అనిపించింది.

డాక్టరు గారు మర్యాదగా అడిగారు. "ఎంతమంది అభిప్రాయం తీసుకుందామనుకున్నారు?"

"నలభైమంది."

"ఎంతమంది చెప్పారు?"

"ఇరవై."

మూర్తి గారు కళ్ళజోడు తీశారు. "మధ్యలో చూశావా అమ్మా?"

"అంటే... ఫలితం అంత బలంగా ఉంది సార్."

"సరేలే. అక్కడివాళ్ళతో మాట్లాడించు."

గెలిచినాయన్నే పిలిచాను. వెంకటరత్నం గారు భుజం మీద తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ వచ్చేరు. ఆయన వెనకే సత్తిబాబు గారు కూడా వచ్చి, పక్కపక్కన నిలబడ్డారు. ఓడినాయన ఎందుకు నవ్వుతున్నాడో నాకు అర్థం కాలేదు.

"అభినందనలండి వెంకటరత్నం గారూ, మీరు నెగ్గేరట" అన్నారు మూర్తి గారు.

"ఎవరి మీదండి?"

"సత్తిబాబు గారి మీద."

"అదెలా కుదురుద్దండి? మేం కలిసి వండేం కదండి."

నా చేతిలో జాబితా కాగితం జారి కింద పడింది.

"కలిసి అంటే?" అని మూర్తి గారు ముందుకి వంగారు.

"ఒకటే గుండిగండి. పొట్టు నేను కొట్టేను, ఆవ బావగారు పెట్టేరు. దింపేక సగం నా గుండిగలోకీ, సగం బావగారి గుండిగలోకీ సర్దేం. మేం వియ్యంకులమండి. మా అమ్మాయిని బావగారి అబ్బాయికే ఇచ్చేం. నేను నెగ్గితే బావగారి మొహం ఎలా చూడనండి? ఓడితే మా పిల్ల అత్తారింట్లో ఎలా తలెత్తుకుంటుందండి?"

సత్తిబాబు గారు నన్ను వెనకేసుకొచ్చేరు, మహానుభావుడు. "అమ్మాయిగారి తప్పు లేదండి. నేను ఫోన్లో చెప్పబోయేను, ఆవిడకి వేరే కాలొచ్చింది. అందుకని ఈ ఇంటి పెద్దావిడతో చెప్పుకున్నాం. 'దానికేముంది, కలిసి వండెయ్యండి' అన్నేరు."

మూర్తి గారు ఇదంతా ఇంగ్లీషులో డాక్టరు గారికి చెప్తున్నారు. నేను చేతులు నలుపుకుంటూ ఆయన మొహమే చూస్తున్నాను. డాక్టరు గారు ముందు కనుబొమలు ఎగరేశారు. తర్వాత ఒకే కూరకీ అదే కూరకీ మధ్య నేను స్పష్టమైన తేడా కనిపెట్టానని ఆయనకి అందింది. మనిషి తెర మీంచి పక్కకి ఒరిగిపోయారు. కుర్చీ వీపు మాత్రమే కనబడుతూ, అది కూడా ఊగుతోంది.

అప్పుడే అత్తయ్య రెండు చెంబులూ పట్టుకుని వచ్చింది. "అమ్మాయ్, నువ్వొద్దన్నా రెండో పంక్తోళ్ళు వక్కలు వేసేరమ్మా. ఎర్రదాంట్లో ఎనిమిది, ఆకుపచ్చదాంట్లో పన్నెండు."

కూడండి. ఇరవైమూడు, పదిహేడు. నలభైమందిలో అది తేడాయే కాదు, ఏ గీతకీ దరిదాపుల్లోకి రాదు. అంటే నేను కాళ్ళు కట్టేసుకుని ఇంకో గంట ఆగితే, నా ట్రయలే నాకు నిజం చెప్పేది. వక్కలకి ఉన్న ఓపిక నాకు లేకపోయింది. సిగ్గుతో నాకు కళ్ళ నీళ్ళు తిరిగాయి. పోస్టు పోయిందని అప్పుడే తెలిసిపోయింది.

"అమ్మా, నమస్కారమండి" అన్నారు మూర్తి గారు అత్తయ్యతో. "ఇంతకీ పెళ్ళి వంట ఎవరిదండి?"

"ఇద్దరిదీనండి. పెళ్ళినాటి భోజనాలు వెంకటరత్నం గారు, మర్నాడు వ్రతం భోజనాలు సత్తిబాబు గారు. నేనూ వీళ్ళిద్దరూ పదిరోజుల కిందటే అనుకున్నాం."

"మీ ఆయన గారూ, మీ బావగారూ ఒప్పుకుంటారంటారా?"

"పాకం కుదిరిందో లేదో ఇద్దరూ కలిసి చూసి చెప్తే కానీ మిఠాయి చుట్టొద్దన్నానండి. ఇప్పుడు పెరట్లో అదే పనిలో ఉన్నేరు. మాటలు కూడా కలిసేయి."

"మరి ఈ అమ్మాయికి ఒక్కమాట చెప్పలేకపోయేరా?"

"దానికి పరీక్ష ఉందందండి, పాడుచెయ్యడం ఎందుకని ఊరుకున్నాను. పైగా అది నన్నడగలేదండి. అడిగితే చెప్పేదాన్ని."

మూర్తి గారు తీసిన కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నారు. తర్వాత నాతో కాదు, అత్తయ్యతో అన్నారు. "అమ్మా, వచ్చే బుధవారం మా వాళ్ళతో ఒక గంట మాట్లాడతారా? ఆరు వారాలుగా నేను చెప్పలేకపోతున్నది మీరు చేసి చూపించేరు."

ఆ బుధవారం ఎలా గడిచిందని అడక్కండి. తెర మీద మేం నలుగురం ఉండాల్సింది, ముగ్గురే ఉన్నారు. నేను అత్తయ్య పక్కన పీట మీద కూర్చుని, కెమెరాలోకి ఆవిడ మొహం సరిగ్గా వచ్చేలా లాప్‌టాప్ పట్టుకున్నాను. అత్తయ్య ముందుగా "అందరూ భోంచేసేరా?" అని అడిగింది. ఊరికే అడగలేదండి. ఒక్కొక్కరినీ పేరు పెట్టి అడిగి, ఏం కూరో కనుక్కుని, జవాబు పూర్తయ్యేదాకా ఆగి, అప్పుడు ఇంకొకరి దగ్గరికి వెళ్ళింది. దానికే ఇరవై నిమిషాలు పట్టింది. నేను మధ్యలో రెండుసార్లు "అత్తయ్యా, టైము" అని గొణిగితే మోకాలి మీద ఒక్క చరుపు చరిచింది. విచిత్రమేమిటంటే, ఆ ఇరవై నిమిషాల తర్వాత ఆ ముగ్గురూ అంతకుముందు మూర్తి గారితో కూడా చెప్పని ఆఫీసు కష్టాలన్నీ ఆవిడకి చెప్పేసుకున్నారు.

చివర్లో మూర్తి గారు నవ్వుతూ అడిగారు. "అమ్మా, ఈ లీడ్ పోస్టు మీ చేతిలో ఉంటే ఎవరికిస్తారండి?"

నేను లాప్‌టాప్ వెనక తల దాచుకున్నాను. మా అత్తయ్య తడుముకోకుండా చెప్పింది.

"మా పిల్లకే ఇస్తానండి. అంతమంది ముందు అంత పెద్ద తప్పు చేసింది కదా, ఇంక జన్మలో చెయ్యదు. ఈ ముగ్గురూ ఇంకా చెయ్యలేదండి, ఎప్పుడు చేస్తారో ఏమో!"

తెర మీద ముగ్గురి మొహాలూ పాలిపోయాయి. మూర్తి గారు ఆ మాట రాసుకున్నారు. నిజంగా రాసుకున్నారండి, నేను చూశాను. వెంటనే ఇవ్వలేదు లెండి, ఆరు నెలలు వేరే ఆయన కింద నన్ను ఆగబెట్టి మరీ ఇచ్చారు. ఆ ఆరు నెలలూ నేను ఎలా ఆగానో మా మేడ మెట్లకే తెలుసు.

కాబట్టి కొత్తపేట వాస్తవ్యురాలు, మందుల కంపెనీ స్టాటిస్టిక్స్ లీడ్ అయిన నేను, మీ అందరి సమక్షంలో త్రికరణశుద్ధిగా ప్రమాణం చేస్తున్నాను. ఎవరైనా "ఒక్కమాటండి" అంటే వాళ్ళ వియ్యంకుల వంశవృక్షం చివరిదాకా వింటాను. రాని ఫోన్ కాల్ ఎత్తను. రెండో పంక్తివాళ్ళు చేతులు కడుక్కుని, తుడుచుకుని, తాంబూలం పుచ్చుకుని, చెప్పులేసుకుని వెళ్ళేదాకా ఏ ఫలితమూ ప్రకటించను. ఈ నాలుగు వాక్యాలూ రాసేలోపు మూడుసార్లు కుర్చీలోంచి లేచిన మాట నిజమే కానీ, ఇడ్లీ పాత్ర మూత మాత్రం ఒక్కసారే తీశాను.